గెదల్యా ఒక్కడా, ఇద్దరా?

ప్రశ్న: మా సంఘంలో సండే స్కూల్ పిల్లలకు పాఠాలు చెబుతుంటాను. మొన్న యువజనులకు యిర్మీయా గ్రంథం మీద బైబిల్ క్విజ్ పెట్టాం. ప్రశ్నలు నేనే రాశాను. చివరి రౌండులో "గెదల్యా తండ్రి పేరేమిటి?" అని అడిగితే ఆడపిల్లల జట్టు "పషూరు" అంది. నా కాగితం మీద "అహీకాము" అని ఉంది. తప్పని చెప్పి ప్రశ్నను మగపిల్లలకు పంపాను. వాళ్లు అహీకాము అన్నారు, ఆ ఒక్క ప్రశ్నతో గెలిచారు. ఆడపిల్లలు వెంటనే బైబిల్ తెరిచి 38వ అధ్యాయం మొదటి వచనం చూపించారు. అక్కడ నిజంగానే పషూరు అని ఉంది. నాకు నోట మాట రాలేదు. మా బావగారు, అంటే మా వారి అన్నయ్య, సంఘ పెద్ద. ఆయన లేచి "ఇద్దరూ ఒకడే. తండ్రికి రెండు పేర్లు ఉండి ఉంటాయి. మొదట ప్రవక్తను గోతిలో వేయించాడు, తర్వాత మారుమనస్సు పొందాడు" అని తేల్చేశారు. వచ్చే ఆదివారం "మారిన గెదల్యా" అని వాక్యం కూడా చెబుతానంటున్నారు. ఓడిపోయిన జట్టులో ఒకమ్మాయి నన్ను పక్కకు పిలిచి "టీచర్, అంటే బైబిల్లో తప్పుందా?" అని అడిగింది. నాకు ఒకటే టెన్షన్. నిజంగా ఇద్దరూ ఒకడేనా? కాకపోతే బావగారికి ఎలా చెప్పాలి? ఇచ్చేసిన ప్రైజు సంగతేంటి?

– ఒక సండే స్కూల్ టీచర్, గుంటూరు జిల్లా

సమాధానం:

అమ్మా, ముందు మీ టెన్షన్ తగ్గే మాట చెబుతాను. వాళ్లు ఇద్దరు. ఆడపిల్లల జవాబు కరెక్టే, మగపిల్లల జవాబూ కరెక్టే. ఏ గెదల్యా అన్నది మీ ప్రశ్నలో లేకపోవడమే అసలు చిక్కు. నిజానికి బైబిల్ మొత్తం మీద గెదల్యాలు ఐదుగురు. దావీదు కాలంలో సితారా వాయించిన యెదూతూను కొడుకుల్లో ఒకడు గెదల్యా. జెఫన్యా ప్రవక్త తాత పేరు గెదల్యా. ఎజ్రా 10వ అధ్యాయంలో, అన్యస్త్రీని పెళ్లాడిన యాజకుల జాబితాలో ఇంకో గెదల్యా ఉన్నాడు. మిగిలిన ఇద్దరూ యిర్మీయా గ్రంథంలోనే, రెండు పేజీల తేడాలో తగులుతారు. మీ క్విజ్ కొంప ముంచింది వీళ్లిద్దరే.

కథను కాస్త దగ్గరగా చూద్దాం. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం దిగి ఉంది. పట్టణంలో ఉంటే చస్తారు, బయటికి వెళ్లి కల్దీయులకు, అంటే ఆ బబులోను వాళ్లకు, లోబడితే బతుకుతారు అని యిర్మీయా చెబుతున్నాడు. ఈ మాటలు నలుగురు అధికారుల చెవిన పడ్డాయి. మత్తాను కొడుకు షెఫట్య, పషూరు కొడుకు గెదల్యా, షెలెమ్యా కొడుకు యూకలు, మల్కీయా కొడుకు పషూరు. వీళ్లు రాజు దగ్గరికి పోయి, ఈ మనిషి సైనికుల చేతులు బలహీనం చేస్తున్నాడు, చంపించండి అన్నారు. సిద్కియా రాజు అడ్డు చెప్పలేక, అతడు మీ చేతిలోనే ఉన్నాడు పొమ్మన్నాడు. వాళ్లు ప్రవక్తను తాళ్లతో గోతిలోకి దించారు. అందులో నీళ్లు లేవు, బురద ఉంది. యిర్మీయా ఆ బురదలో దిగబడ్డాడు. ఎబెద్మెలెకు అనే కూషీయుడు పాత గుడ్డలు, చిరుగు బట్టలు వేసి, తాళ్లు ఒరుసుకోకుండా వాటిని చంకల కింద పెట్టుకోమని చెప్పి, పైకి లాగించాడు. మీ ఆడపిల్లలు చెప్పిన గెదల్యా ఈ నలుగురిలో రెండోవాడు. ఆ తర్వాత అతని ఊసు ఎక్కడా లేదు.

రెండో గెదల్యా పట్టణం కూలాక వస్తాడు. 39వ అధ్యాయం 14వ వచనం చూడండి. బబులోను వాళ్లు యిర్మీయాను చెరసాల ప్రాంగణం నుంచి తీసుకొచ్చి షాఫాను కొడుకైన అహీకాము కొడుకు గెదల్యాకు అప్పగించారు. మూడు తరాల పేర్లు! ఒక వచనంలో ఇంత వంశావళి ఊరికే రాయరు. 40వ అధ్యాయంలో బబులోను రాజు నియమించిన అధిపతిగా చెప్పేటప్పుడు మళ్లీ అదే, షాఫాను, అహీకాము, గెదల్యా. ఇతన్ని చంపిన సంగతి చెప్పే 41:2లోనూ అంతే. అంతకు కొద్ది ముందే ఇంకో గెదల్యాను పరిచయం చేశాడు కాబట్టి, పాఠకుడు పొరబడకుండా రచయిత ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నాడో చూడండి. పిల్లలకు ఇది చూపించండి. "బైబిల్లో తప్పుందా?" అన్న అమ్మాయికి జవాబు ఈ వచనాల్లోనే ఉంది. బైబిల్ చక్కగా విడదీసి చెప్పిన దాన్ని మనం క్విజ్ కోసం పొట్టి చేసి కలిపేశాం.

మన దగ్గర సర్కారు కాగితాల్లో పేరు పక్కన సన్నాఫ్ అని తండ్రి పేరు రాసేది ఎందుకో, బైబిల్లో "ఫలానా వాని కుమారుడైన" అని రాసేదీ అందుకే. చదివేటప్పుడు మనం ఆ భాగాన్ని నాలుకతో దాటేస్తాం. సంఘంలో వాక్యం చదవడానికి నిలబడ్డవాళ్లు ఇలాంటి వచనం రాగానే స్పీడు పెంచడం మీరూ చూసే ఉంటారు. అసలు గుర్తింపు అంతా అక్కడే ఉంది.

ఇక బావగారి వాదన. ఆయన మాట పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. బైబిల్లో ఒకే మనిషికి రెండు పేర్లు ఉండటం మామూలే. మోషే మామను ఒకచోట రగూయేలు అని, ఇంకోచోట యిత్రో అని అంటారు. సిద్కియా రాజు అసలు పేరు మత్తన్యా. బావగారు వీటిని ఎత్తుతారు, మీరు సిద్ధంగా ఉండండి. అయితే ఆ చోట్ల రెండు పేర్లనూ కలిపే ముడి వాక్యంలోనే కనిపిస్తుంది. బబులోను రాజు మత్తన్యాకు సిద్కియా అని మారుపేరు పెట్టాడని 2 రాజులు 24:17లో స్పష్టంగా ఉంది. రగూయేలు, యిత్రో ఇద్దరూ మిద్యాను యాజకులే, మోషే మామలే. అహీకామే పషూరు అనడానికి అలాంటి ముడి ఒక్కటీ లేదు. పైగా యిర్మీయాలో తండ్రి పేరుతో కనిపించే పషూరులు ఇద్దరు. ఒకడు ఇమ్మేరు కొడుకు, ఇంకొకడు మల్కీయా కొడుకు. అహీకాము షాఫాను కొడుకు. ఎలా కలిపినా కలవదు.

ఇంకో సంగతి కూడా ఆలోచించమనండి. అహీకాము ఎవరు? యెహోయాకీము ఏలడం మొదలుపెట్టిన రోజుల్లో జనం యిర్మీయాను చంపబోతే అడ్డుపడ్డవాడు. 26వ అధ్యాయం చివరి వచనంలో ఉంది. యోషీయా రాజుకు ధర్మశాస్త్ర గ్రంథం చదివి వినిపించిన శాస్త్రి షాఫాను. యిర్మీయా మాటలు రాసిపెట్టిన బారూకు, ఆ గ్రంథపు చుట్ట చదివింది షాఫాను కొడుకు గెమర్యా గదిలో. బబులోనులో చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం పట్టుకెళ్లిన ఇద్దరిలో ఒకడు షాఫాను కొడుకు ఎల్యాశా. రెండు మూడు తరాలుగా ప్రవక్తకు అండగా నిలబడ్డ కొంప అది. విడుదలయ్యాక యిర్మీయా మిస్పా అనే ఊళ్లో ఈ గెదల్యా దగ్గరికే వెళ్లి ఉన్నాడు. కొన్ని నెలల కింద తనను బురదలోకి దించినవాడి నీడకు వెళ్లి, ఆ సంగతి మీద ఒక్క మాటైనా రాయకుండా ఉంటాడా?

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. "ఒకడు మంచివాడు, ఒకడు చెడ్డవాడు, కాబట్టి ఇద్దరు" అని బావగారితో వాదించకండి. ఆ దారిలో వెళ్తే మీరే పప్పులో కాలేస్తారు. ఎల్నాతాను సంగతి చూడండి. 26వ అధ్యాయంలో ఊరియా అనే ప్రవక్త ప్రాణభయంతో ఐగుప్తుకు పారిపోతే, యెహోయాకీము మనుషుల్ని పంపి పట్టి తెప్పించి కత్తితో చంపించాడు. ఆ వెళ్లినవాళ్లకు ముందు నడిచింది అక్బోరు కొడుకు ఎల్నాతాను. 36వ అధ్యాయానికి రండి. చలికాలం, రాజు ముందు కుంపటి మండుతోంది. యెహూది అనేవాడు యిర్మీయా మాటలున్న గ్రంథపు చుట్టలో మూడు నాలుగు పుటలు చదవగానే రాజు చాకుతో కోసి నిప్పుల్లో వేస్తున్నాడు. గ్రంథాన్ని కాల్చొద్దు అని ముగ్గురు బతిమాలారు. ఎల్నాతాను, దెలాయా, గెమర్యా. ఈ ఎల్నాతాను ఎవరని అదే అధ్యాయం 12వ వచనంలో చూస్తే, అక్బోరు కొడుకు! ఒక ప్రవక్తను చావుకు తెచ్చి అప్పగించినవాడే, తర్వాత ఇంకో ప్రవక్త మాటలు కాలిపోకూడదని రాజును వేడుకున్నాడు. పనులు ఎదురెదురు, మనిషి ఒక్కడే. ప్రవర్తన చూసి మనుషుల్ని విడదీస్తే ఇక్కడ లేని రెండో ఎల్నాతానును పుట్టించాల్సి వస్తుంది. కాబట్టి ముందు తండ్రి పేరు. తర్వాత ఊరు, ఉద్యోగం, ఏ రాజు కాలం. గుణం ఆఖరున.

బావగారికి చెప్పడానికి మీకు దారి కూడా ఇక్కడే దొరుకుతుంది. ఆయన చెప్పాలనుకున్నది మారిన మనిషి గురించి. అందుకు గెదల్యా పనికిరాడు, ఎల్నాతాను పనికొస్తాడు. "బావగారూ, మీరు అనుకున్న వాక్యానికి ఇతనైతే ఇంకా బాగుంటాడేమో చూడండి" అని 26, 36 అధ్యాయాలు ఆయన చేతిలో పెట్టండి. ఎల్నాతాను పశ్చాత్తాపపడ్డాడని వాక్యం నోరు తెరిచి చెప్పదు, రాజును బతిమాలాడని మాత్రమే చెబుతుంది. ఆ తేడా ఆయన వేదిక మీద పాటిస్తే సందేశం గట్టిగా నిలబడుతుంది.

ఎప్పుడు చెప్పాలి అంటే, ఆదివారానికి ముందే. శనివారం రాత్రి దాకా ఆగకండి, అప్పటికి ఆయన నోట్సు రాసేసుకుని ఉంటారు. మీ వారిని వెంటబెట్టుకుని వెళ్లండి. తమ్ముడి భార్య తప్పు పట్టిందన్న మాట రాకుండా ఉంటుంది. ఆయన తప్పుతో మొదలుపెట్టకండి. "నా ప్రశ్నలో లోపం ఉంది, దాన్ని సరిచేసుకోవాలి, మీ సాయం కావాలి" అనండి. అది నిజమే కదా. తర్వాత 38:1, 39:14 ఆయన చేతే పైకి చదివించండి. పెద్దవాళ్లు మనం చెబితే వాదిస్తారు, తమ నోటితో చదివితే ఆలోచిస్తారు. చదివాక మీరు వెంటనే మాట్లాడకండి, ఆయన్నే మాట్లాడనివ్వండి. అయినా వినకపోతే ఆదివారం నాడు లేచి ఖండించాల్సిన పని లేదు. సంఘం రెండుగా చీలేంత విషయం కాదు ఇది. మీ తరగతిలో పిల్లలకు మాత్రం సరిగ్గా చెప్పండి. అది మీ బాధ్యత, అందులో రాజీ వద్దు.

"పోనీలే, ఎవరైతే ఏంటి?" అని మీ వారు అనొచ్చు. అహీకాము కొడుకు ఎలా చనిపోయాడో చెప్పండి. యుద్ధంలో మిగిలిపోయిన పేదజనాన్ని దగ్గరికి తీసుకుని, భయపడకండి, దేశంలో కాపురముండి ద్రాక్షారసం, వేసవికాల ఫలాలు, నూనె కూర్చుకోండి అని ధైర్యం చెప్పినవాడు. నెతన్యా కొడుకు ఇష్మాయేలు నిన్ను చంపడానికి వస్తున్నాడని యోహానాను అనే సేనాధిపతి ముందే హెచ్చరించాడు. గెదల్యా నమ్మలేదు, ఇష్మాయేలు మీద అబద్ధం చెబుతున్నావని కసిరాడు. ఏడో నెలలో ఇష్మాయేలు పదిమందితో మిస్పాకు వచ్చాడు, అందరూ కలిసి భోజనం చేశారు, ఆ భోజనం దగ్గరే కత్తి దూసి చంపాడు. యూదులు ఈ చావును నేటికీ మర్చిపోలేదు. వాళ్ల కొత్త సంవత్సరం పండుగ అయిన మర్నాడు, తిష్రీ నెల మూడో తేదీన, గెదల్యా ఉపవాసం అని ఆచరిస్తారు. ఆ రోజు విశ్రాంతిదినం పడితే మర్నాటికి జరుపుతారు. జెకర్యా గ్రంథంలో ఏడో నెల ఉపవాసం అని వచ్చేది దీని గురించేనని వాళ్ల సంప్రదాయం. అలాంటి మనిషి నెత్తిన చేయని పాపం రుద్ది, తర్వాత మారాడని మెచ్చుకోవడం న్యాయం కాదు.

ఈ ఇద్దరూ కలిసిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. రెండు కథల్లోనూ గొయ్యి ఉంటుంది. 38లో యిర్మీయాను దించింది చెరసాల ప్రాంగణంలోని గొయ్యి. 41లో ఇష్మాయేలు తాను చంపినవాళ్ల శవాలను పడేసింది మిస్పాలో ఆసా రాజు తవ్వించిన గొయ్యి. గెదల్యా, గొయ్యి అని గుర్తుపెట్టుకున్నవాళ్లకు రెండూ ఒకటే అనిపిస్తాయి.

ఇప్పుడు మీ పిల్లలు కళ్లింతలు చేసుకుని వినే సంగతి. ఆ రోజుల్లో పపైరస్ మీద రాసిన దస్తావేజును చుట్టి, దారంతో కట్టి, ముడి మీద చిటికెడు తడిమట్టి అద్ది, దాని మీద ముద్ర గుద్దేవారు. సుమారు క్రీ.పూ. 586లో యెరూషలేము తగలబడినప్పుడు కాగితాలు బూడిదయ్యాయి, మట్టిబిళ్లలు మాత్రం ఆ మంటలో ఇటుకల్లా కాలి గట్టిపడి మిగిలాయి. యెరూషలేములో దావీదు పట్టణం అనే చోట ఐలాట్ మజార్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వకాలు జరిపితే, 2005లో "షెలెమ్యా కుమారుడైన యెహుకలు, షోవీ మనవడు" అన్న ముద్ర దొరికింది. యెహుకలు అంటే 38:1లోని యూకలే. 2008లో అక్కడికి కొద్ది మీటర్ల దూరంలోనే ఇంకొకటి దొరికింది. దాని మీద ఉన్నది "పషూరు కుమారుడైన గెదల్యా". ఒకే వచనంలో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు అధికారుల ముద్రలు మట్టిలోనూ పక్కపక్కనే దొరికాయి! ఒక్కోటి వేలి గోరంత ఉంటుంది. మీ ఆడపిల్లలు చెప్పిన గెదల్యా ముద్ర అదేనని మజార్ చెప్పారు. అక్కడే అంతకుముందు 1982లో యిగాల్ షిలో తవ్వించిన ఇంట్లో యాభైకి పైగా ముద్రలు దొరికితే, వాటిలో "షాఫాను కుమారుడైన గెమర్యా" కూడా ఉంది.

మరి అహీకాము కొడుకు ముద్ర? 1930లలో లాకీషు తవ్వకాల్లో "గృహనిర్వాహకుడైన గెదల్యాది" అన్న ముద్ర ఒకటి బయటపడింది. ఇది మన అధిపతి గెదల్యాదే అయి ఉంటుందని కొందరు పండితులు ఎప్పుడో రాశారు. కాదనేవాళ్లూ ఉన్నారు. ఎందుకు తేలలేదో మీ పిల్లల్ని అడగండి, క్విజ్ దెబ్బ తిన్నవాళ్లు కాబట్టి వెంటనే చెప్పేస్తారు. దాని మీద ఉద్యోగం ఉంది, తండ్రి పేరు లేదు. ఇంకో మాట. బారూకు ముద్ర అంటూ వాట్సాప్‌లో ఒక ఫొటో తిరుగుతుంటుంది. అది తవ్వకాల్లో దొరికింది కాదు, పురాతన వస్తువుల బజారులో బయటపడింది. పరీక్షించిన పండితులు నకిలీ అని రాశారు. దాన్ని పాఠంలో వాడకండి.

మళ్లీ ప్రశ్నలు రాసేటప్పుడు యిర్మీయా గ్రంథంలో మీకు కాలు జారే చోట్లు ఇంకా ఉన్నాయి. అన్నిటికంటే చెడ్డది పషూరు. 20వ అధ్యాయంలో యిర్మీయాను కొట్టించి, కాళ్లు బిగించే బొండలో వేయించింది ఇమ్మేరు కొడుకు పషూరు. పేజీ తిప్పితే 21వ అధ్యాయం మొదటి వచనంలోనే సిద్కియా రాజు పషూరును ప్రవక్త దగ్గరికి పంపిస్తాడు. చదువుతూ పోతే, "నిన్న కొట్టినవాడే ఇవాళ వచ్చి ప్రార్థన చేయమంటున్నాడు" అనిపిస్తుంది. ఇతను మల్కీయా కొడుకు. 38లో గొయ్యి దగ్గర కనిపించిన పషూరు ఇతనే. ఆ గొయ్యి కూడా మల్కీయాది అని ఉంటుంది, అయితే అక్కడ రాజకుమారుడైన మల్కీయా అని రాశారు. మీ గెదల్యా తండ్రి పషూరు వీళ్లిద్దరిలో ఎవరన్నది గ్రంథంలో లేదు. కాబట్టి "గెదల్యా తాత ఎవరు?" అని పషూరు కొడుకు గురించి ఎప్పుడూ అడగొద్దు.

29వ అధ్యాయంలో అహాబు, సిద్కియా అని ఇద్దరి పేర్లు కలిపి వస్తాయి. రాజులనుకునేరు, కాదు. కోలాయా కొడుకు, మయశేయా కొడుకు, బబులోనులో అబద్ధ ప్రవచనాలు చెప్పినవాళ్లు. అదే అధ్యాయంలో ఉత్తరం మోసుకెళ్లిన రెండోవాడు గెమర్యా, కానీ హిల్కీయా కొడుకు. గది ఉన్న గెమర్యా వేరు. శెరాయాలు ఏకంగా నలుగురు. వాళ్లలో నేరీయా కొడుకు శెరాయా మాత్రం మంచి ప్రశ్నకు పనికొస్తాడు. 51:59లో అతను మహసేయా మనవడు, నేరీయా కొడుకు. 32:12లో బారూకు కూడా మహసేయా మనవడు, నేరీయా కొడుకు. అంటే అన్నదమ్ములన్నమాట! ఆ మాట వాక్యం ఎక్కడా అనదు, తండ్రీ తాతల పేర్లు చదివినవాళ్లకే తెలుస్తుంది. పేర్లు దాటేయని పిల్లలకు ఇలాంటి ప్రశ్నే బహుమతి.

దీనికి తిరకాసు కూడా ఉంది. 37:3లో యెహుకలు, 38:1లో యూకలు. అక్షరాలు వేరు, ఇద్దరూ షెలెమ్యా కొడుకే, మనిషి ఒక్కడే. అందుకే ఫోన్లో బైబిల్ యాప్‌లో పేరు కొట్టి వెతికితే పని కాదు. గెదల్యా అని కొడితే ఐదుగురూ ఒకే వరసలో వస్తారు, యూకలు అని కొడితే సగం మనిషే దొరుకుతాడు. వెతికిన ప్రతి వచనానికీ ముందు నాలుగు వచనాలు చదివి చూడండి.

ఎంత చూసినా ఒక్కోచోట తండ్రి పేరూ తేల్చదు. మత్తయి 23:35లో దేవాలయానికీ బలిపీఠానికీ మధ్య చంపబడిన జెకర్యాను బరకీయ కొడుకు అన్నారు. దేవాలయ ఆవరణంలో రాళ్లతో చంపబడినట్టు 2 దినవృత్తాంతములు 24లో కనిపించే జెకర్యా యెహోయాదా కొడుకు. బరకీయ కొడుకు అంటే మనకు గుర్తొచ్చేది చిన్న ప్రవక్తల్లోని జెకర్యా. లూకా ఇదే మాట రాస్తూ తండ్రి పేరు వదిలేశాడు. పండితులు దీని మీద వందల ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. బైబిల్లో జెకర్యాలు దాదాపు 30 మంది, ఇది క్విజ్‌లో పెట్టే సరుకు కాదు.

ఆ అమ్మాయికి చిన్న ఉదాహరణ కావాలంటే అపొస్తలుల కార్యములు తీయండి. అననీయలు ముగ్గురు. పొలం డబ్బు దాచుకుని 5లో చచ్చిపోయినవాడు, 9లో దమస్కులో సౌలు మీద చేతులుంచినవాడు, 23లో పౌలు నోటి మీద కొట్టమన్న ప్రధాన యాజకుడు. వీళ్లను ఎవరూ ఒకడనుకోరు, ఎందుకంటే కథలు మనకు బాగా తెలుసు. గెదల్యా కథ తెలియదు కాబట్టి కలిపేశాం. అంతకుమించి అందులో బైబిల్ తప్పు ఏమీ లేదని చెప్పండి. ఆ పిల్ల అడిగిన ప్రశ్న మంచిదని కూడా చెప్పండి, అడిగినందుకు భయపడకూడదు.

ప్రైజు మాట. మగపిల్లల దగ్గర వెనక్కి తీసుకోవద్దు, వాళ్లు మోసం చేయలేదు. రెండు జట్లకూ సమానంగా మార్కులు వేసి, ఆడపిల్లలకు అలాంటిదే ఇంకొకటి కొనివ్వండి. సంఘం డబ్బు అడగడం ఇబ్బందైతే మీరే కొనండి, పెద్ద ఖర్చు కాదు. ఇచ్చేది మాత్రం సండే స్కూల్ గదిలో గుట్టుగా కాదు, ఓడిపోయారని ఎవరి ముందు చెప్పారో వాళ్ల ముందే. "ప్రశ్నలో ఏ గెదల్యా అన్నది లేదు, ఇద్దరి జవాబూ సరైనదే" అంటే చాలు, బావగారి పేరు ఎత్తక్కర్లేదు. వీలైతే ఆ ప్రైజు ఆయన చేతుల మీదుగానే ఇప్పించండి.